చలికాలంలో మొక్క చూసేది డిగ్రీలొక్కటే కాదు: హైదరాబాద్, నెల్లూరు, డాలస్, న్యూజెర్సీ

"మాకీరోజు 11, మీకెంత?" డిసెంబరు వచ్చిందంటే తోటలు పెంచేవాళ్ళ మధ్య ఈ ప్రశ్న మామూలే. ఆ ఒక్క అంకెతో మొక్క పరిస్థితి సగం కూడా తెలియదు. హైదరాబాద్‌లో రాత్రి 14కి దిగినా మధ్యాహ్నానికి 28 దగ్గరకు వస్తుంది. కుండీ మట్టి రోజూ వేడెక్కుతుంది, వేరు పని చేస్తూనే ఉంటుంది. లండన్‌లో డిసెంబరు పగలు కూడా 8, 9 డిగ్రీలే. ఆదిలాబాద్‌లో 10 డిగ్రీలంటే తెల్లవారుజామున కొన్ని గంటలపాటు ఉండి పోయే చలి. లండన్‌లో ఆ 10 డిగ్రీలు చాలా రోజుల్లో నడి మధ్యాహ్నం కూడా దొరకవు.

కాబట్టి చలిని పోల్చుకునేటప్పుడు మూడు విషయాలు అడగండి. ఆ చలి ఎన్ని గంటలు నిలుస్తోంది? పగటి పొద్దు ఎంతసేపు? గాలిలో తేమ ఎంత? వీటిలో రెండోదాన్ని అందరూ మరిచిపోతారు. ఎక్కువ మొక్కలు దెబ్బతినేదీ దానివల్లే.

డిసెంబరు 21 ప్రాంతంలో హైదరాబాద్‌కు సుమారు 11 గంటల పగలు ఉంటుంది. డాలస్‌కు 10 గంటలు, న్యూజెర్సీకి 9 గంటల పావు, లండన్‌కు 8 గంటల లోపే. పొద్దు తగ్గడంతో పాటు సూర్యుడు దక్షిణానికి వాలిపోతాడు. హైదరాబాద్‌లో ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తు మించి ఎక్కడు. మిద్దె మీద దక్షిణం వైపు పిట్టగోడ మీటరు ఎత్తుంటే దాని నీడ మధ్యాహ్నం 87 సెంటీమీటర్లు పడుతుంది, ఉదయం సాయంత్రం ఇంకా పొడుగు. జూన్‌లో ఎండ పుష్కలంగా తగిలిన వరస డిసెంబరులో ఆ నీడలో మగ్గిపోతుంది. మిరప, టమాటా కాండం సాగి పాలిపోతే ఎరువు పోసే ముందు ఈ నీడ కొలవండి. కుండీలను గోడకు మీటరున్నర ఎడం జరిపినా, రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టినా తేడా వారంలో తెలుస్తుంది. అదే మీటరు గోడకు డాలస్‌లో మీటరున్నర నీడ, న్యూజెర్సీలో రెండు మీటర్లు. సిడ్నీ, మెల్‌బోర్న్ వాళ్ళకు లెక్క తిరగబడుతుంది. చలి జూన్‌లో వస్తుంది, ఎండ ఉత్తరం నుంచి పడుతుంది, ఉత్తరం వైపు చూసే గోడే వెచ్చన. ఇక్కడి వీడియోలు చూసి అక్కడ దక్షిణం వైపు మొక్కలు పెట్టుకుంటే చలికాలమంతా నీడే.

ఇక గోంగూర, నాటు చిక్కుడు. ఈ రెండూ పగలు తగ్గితేనే పూతకొచ్చే జాతులు. మన దగ్గర నవంబరులో గోంగూర వేస్తే మూరెడు ఎదగకముందే మొగ్గ తొడుగుతుంది, ఆకు చిన్నదవుతుంది. విత్తనం పాతదనో, మట్టి బాగాలేదనో అనుకుంటారు గానీ కారణం పొద్దే. చలికాలంలో గోంగూర కావాలంటే విత్తనం ఒత్తుగా చల్లి, జానెడు ఎత్తు రాగానే వేళ్ళతో సహా పీకి వాడుకోవాలి. మళ్ళీ మళ్ళీ గిల్లి కోసుకునే పంట ఫిబ్రవరి తర్వాతే.

న్యూజెర్సీలో ఇదే గుణం ఇంకోలా ఏడిపిస్తుంది. నాటు చిక్కుడు తీగ వేసవంతా కంచె నిండా అల్లుకుంటుంది, ఒక్క పూత కూడా కనబడదు. పగలు 12 గంటల కిందకు దిగేది సెప్టెంబరు చివర్లో. అక్టోబరు రెండో సగంలో ఫ్రాస్ట్ (ఆకు మీద గడ్డకట్టే మంచు) వచ్చి తీగ నల్లబడుతుంది. నడుమ ఉన్నది నెల రోజులే, పిందె కాయ కావడానికి చాలదు. డాలస్‌లో తొలి ఫ్రాస్ట్ సాధారణంగా నవంబరు మూడు, నాలుగు వారాల్లో వస్తుంది కాబట్టి అదే విత్తనం అక్కడ అక్టోబరు, నవంబరుల్లో బుట్ట నింపుతుంది. చల్లటి రాష్ట్రాల వాళ్ళు పొద్దుతో నిమిత్తం లేకుండా పూసే పొద చిక్కుడు వేసుకోవడమే మేలు. బెంగళూరు ఉద్యాన పరిశోధనా సంస్థ ఇచ్చిన అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే. గోంగూర విత్తనం సొంతంగా కట్టుకోవాలంటే ఒక మొక్కను కుండీలో పెంచి, జులై చివరి నుంచి రోజూ సాయంత్రం 5కి చీకటి గరాజ్‌లోకి చేర్చి ఉదయం 8కి బయట పెట్టాలి. మొగ్గలు కనిపించేదాకా ఒక్క రోజూ మానకూడదు. మధ్యలో రాత్రి లైటు వేస్తే చేసినదంతా వృథా.

చామంతి విషయంలోనూ ఇదే. వీధి దీపం వెలుగు పడే మూలన పెట్టిన చామంతి ఆకులు పెంచుకుంటూ పోతుంది, పక్కనే చీకట్లో ఉన్నది ధనుర్మాసానికి విరగబూస్తుంది. కుండీ చోటు మార్చండి, అంతే.

తీరం, పీఠభూమి తేడా బాగా తెలిసేది కాలీఫ్లవర్‌లో. పువ్వు కట్టడానికి ఒక్కో రకానికి ఒక్కో చలి కావాలి. స్నోబాల్ తరహా ఆలస్యపు రకాలకు 10 నుంచి 16 డిగ్రీలు పడాలి. విశాఖ, విజయవాడల్లో డిసెంబరు రాత్రులు 18, 19 దగ్గరే ఆగుతాయి, పగలు 28 దాకా ఉంటుంది. అక్కడ స్నోబాల్ వేస్తే గంపెడు ఆకు వస్తుంది, పువ్వు రాదు. తీరంలో 20 నుంచి 27 డిగ్రీల్లో పువ్వు కట్టే తొలికారు రకాలే వేయాలి, ఆగస్టు, సెప్టెంబరుల్లోనే నారు పోయాలి. దీనికి ఉల్టా తప్పు పీఠభూమిలో జరుగుతుంది. తొలికారు రకాన్ని ఆలస్యంగా, నవంబరు చలిలో నాటితే మొక్క ఎదగకముందే గోలీకాయంత పువ్వు కట్టి ఆగిపోతుంది. ట్రేలో నారు ముదిరినా అంతే. 25 నుంచి 30 రోజుల నారు నాటండి, 40 రోజులు దాటినది పారేయండి. ప్యాకెట్ మీద కాలీఫ్లవర్ అని మాత్రమే రాసి, ఏ కారుకో రాయని విత్తనం కొనకపోవడం మంచిది.

నెల్లూరు వైపు చలికాలమంటే ముందు వాన. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, పైగా వాయుగుండాలు. హైదరాబాద్ వాళ్ళు అక్టోబరులో నారు పోస్తుంటే నెల్లూరులో అదే నారు మొదలు కుళ్ళి పడిపోతుంది. అక్కడ గ్రో బ్యాగు మిశ్రమంలో కోకోపీట్ (కొబ్బరి పొట్టు) మూడో వంతుకు మించకుండా చూసుకుని ఇసుక పెంచాలి, అడుగున రంధ్రాలు మూసుకుపోకుండా బ్యాగును పలక మీద ఎత్తాలి. చల్లకాలపు కూరల నారు వానలు తెరిపిచ్చాక నాటితే ఫిబ్రవరి ఎండ ముదిరేలోపు ఒక కాపు చేతికొస్తుంది.

తేమ లెక్క తెగుళ్ళలో బయటపడుతుంది. బూడిద తెగులుకు ఆకు తడిగా ఉండక్కర్లేదు. పగలు పొడిగా, రాత్రి చల్లగా తేమగా ఉంటే చాలు. అది అచ్చంగా హైదరాబాద్ జనవరి. అందుకే ఇక్కడ కొత్తిమీర, సొర, గులాబీ ఆకుల మీద తెల్లటి పొడి పడుతుంది. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి సాయంత్రం చల్లుకోవచ్చు. పాదు జాతులకు మాత్రం ముందు రెండు ఆకుల మీద చల్లి చూడండి, ఎండ ముదిరిన రోజుల్లో గంధకం ఆకును మాడుస్తుంది. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం వద్దు. తీరంలో ఉదయం చాలాసేపు ఆకు మంచుతో తడిసే ఉంటుంది కాబట్టి అక్కడ ఆకుమచ్చ, ఆకుమాడు తెగుళ్ళు ముందొస్తాయి. అడుగు ఆకులు తీసేసి గాలి ఆడేలా చేయడమే సగం వైద్యం. చిక్కుడు పూతకు సంక్రాంతి ముందు పట్టే పేనుబంకకు రెండు చోట్లా ఒకటే మందు: ముందు నీటి ధారతో కడగడం, తర్వాత లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బు.

హైదరాబాద్‌లోనే పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు కాంక్రీటు మధ్యనున్న ఇళ్ళకంటే చలి ఎక్కువ. రాత్రి 13 కిందకు దిగే రోజుల్లో టమాటా పుప్పొడి సరిగా పనిచేయక పూత రాలుతుంది. నత్రజని ఎరువు పోస్తే ఆకే పెరుగుతుంది. పది, పదకొండు గంటల మధ్య పూగుత్తిని వేలితో మెల్లగా తట్టండి, చలి తగ్గేదాకా ఆగండి. బెండ, బీర విత్తనం డిసెంబరులో వేస్తే చాలావరకు మొలవకముందే కుళ్ళుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, దానికి పదిహేను రోజుల ముందు ట్రేలో మొలకెత్తించుకుంటే చాలు.

ఇక గడ్డకట్టే చలి. ఇది మనలో లంబసింగి వాళ్ళకూ, అమెరికాలో ఉన్నవాళ్ళకూ తెలుసు. ఇందులో రెండు రకాలున్నాయి, వైద్యం వేరు. మొదటిది గాలి లేని, మబ్బు లేని రాత్రి వచ్చేది. ఆకు తన వేడిని ఆకాశానికి వదిలేసి గాలికంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చల్లబడుతుంది. వాతావరణ కేంద్రం థర్మామీటరు నేలకు మీటరుకు పైన ఉంటుంది. అందుకే సూచన 2, 3 డిగ్రీలన్నా ఆకు మీద తెల్లటి పొర పడుతుంది. చల్లగాలి పల్లానికి జారుతుంది కాబట్టి పెరట్లో పల్లపు మూల ముందు దెబ్బతింటుంది. దీనికి దుప్పటి పనిచేస్తుంది. మధ్యాహ్నం మట్టి తడపండి, తడి నేల వేడిని ఎక్కువ పట్టి ఉంచుతుంది. పొద్దు వాలకముందే పాత దుప్పటి కప్పి అంచులు నేలకు ఆనించండి, నేల వేడి లోపలే నిలవాలి. చెట్టుకు గొడుగు పట్టినట్టు పైన చుట్టి కింద వదిలేస్తే లాభం లేదు. ప్లాస్టిక్ ఆకుకు తగిలిన చోటల్లా మాడుస్తుంది. ఉదయం ఎండ రాగానే తీసేయాలి.

రెండోది ఉత్తరం నుంచి గాలితో తోసుకొచ్చే చలి. 2021 ఫిబ్రవరి 16న డాలస్‌లో మైనస్ 19 సెల్సియస్ దాకా పడింది, రోజుల తరబడి సున్నా దాటలేదు. నేలలో మిగిలిన వేడే లేనప్పుడు దుప్పటి ఏం చేస్తుంది? అలాంటప్పుడు కుండీని ఇంట్లోకి తేవడమొక్కటే దారి. ఏ చోట ఎంత చలి పడుతుందో చూపే, అమెరికా వ్యవసాయ శాఖ 2023లో ఇచ్చిన జోన్ మ్యాపులో డాలస్ చాలా భాగం 8బి, అంటే మైనస్ 9.4 నుంచి మైనస్ 6.7. ఆ అంకె 1991 నుంచి 2020 దాకా ఏటా వచ్చిన అతి చల్లటి రాత్రుల సగటు. సగటు చూసి కరివేపాకును నేలలో నాటడం జూదమే.

కరివేపాకు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే బయటి దేశాల్లో మనవాళ్ళు ఎక్కువగా పోగొట్టుకునేది దీన్నే. రాత్రులు వరసగా 10 డిగ్రీలకు (50 ఫారెన్‌హీట్) దిగగానే లోపలికి తేవాలి. తెచ్చేముందు ఆకుల అడుగు భాగం నీటితో కడిగి, లీటరుకు 5 మిల్లీలీటర్ల సబ్బు ద్రావణం కొట్టి, పైమట్టి అంగుళం తీసేసి కొత్తది వేయండి. లోపలి పొడిగాలిలో ఎర్రనల్లి, పొలుసు పురుగు చకచకా పెరుగుతాయి. కాండం మీద గోధుమరంగు చుక్కలు గోటికి ఊడివస్తే అవి పొలుసు పురుగులే.

లోపల రెండే పద్ధతులు. వెచ్చగా, వెలుతురులో ఉంచితే దక్షిణపు కిటికీతో పాటు అడుగు ఎత్తున గ్రో లైటు (మొక్కల కోసం వాడే దీపం), రోజుకు 12 నుంచి 14 గంటలు ఇవ్వండి. రెండంగుళాల లోతున వేలికి పొడిగా తగిలితేనే నీళ్ళు. లేదంటే 10, 12 డిగ్రీల చల్లటి గదిలో దాదాపు పొడిగా పడుకోబెట్టండి. ఆకంతా రాలుతుంది, భయపడొద్దు. బెరడు గోటితో గీరితే కింద పచ్చగా ఉంటే బతికే ఉంది. మొక్కను చంపేది ఈ రెంటికీ నడుమ ఉండే స్థితి: వెచ్చటి గది, వెలుతురు లేదు, పాపమని రోజూ గ్లాసు నీళ్ళు. వేరు కుళ్ళుతుంది, ఆకు రాలుతుంది, దాహమనుకుని ఇంకో గ్లాసు పోస్తారు. పులిసిన మజ్జిగ కూడా ఈ నెలల్లో లోపలి కుండీకి వద్దు, వాసనా చిన్న ఈగలూ తప్ప ఏమీ రావు.

ఇంకో మాట. కరివేపాకుది నిమ్మ కుటుంబం. నిమ్మ జాతులకు పచ్చరోగం మోసే సిల్లిడ్ పురుగు దీని చిగుళ్ళ మీద గుడ్లు పెడుతుంది. అందుకే అమెరికాలో మొక్కను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్ళడం మీద ఆంక్షలున్నాయి. మీ రాష్ట్రంలోని నర్సరీలోనే కొనండి.

చలి తగ్గాక కొత్త చిగురు చూసి, కొమ్మలు మూడో వంతు కత్తిరించి, అప్పుడు ఎరువు మొదలుపెట్టండి. బయట పెట్టేది రాత్రులు 10 దాటి నిలబడ్డాకే. మొదటి రోజు నీడలో గంట, తర్వాత రోజుకో గంట పెంచుకుంటూ, వారం పది రోజులకు పూర్తి ఎండలోకి మార్చాలి. ఇంట్లో మెత్తబడ్డ ఆకును ఒక్కసారిగా ఎండలో పెడితే సాయంత్రానికి తెల్లగా కాలిపోతుంది.