పారాచూట్ రిగ్ క్లియరెన్స్: నా అనుభవం

నిన్న సాయంత్రం నా రిగ్, అంటే స్కైడైవింగ్ పారాచూట్ బ్యాగు, కస్టమ్స్ వాళ్ళ దగ్గర్నుంచి ఇంటికొచ్చింది. పద్ధతిగా దాని బ్యాగులో రాలేదు, దుప్పట్లో మూటకట్టి ఆటోలో హైదరాబాద్ సైనిక్‌పురి దాకా ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నా. ఒళ్ళు మండిపోతోంది, అందుకే వెంటనే రాస్తున్నా. అమెరికా నుంచి సామాను సర్దుకుని వెనక్కొచ్చే మనవాళ్ళలో నాలాగా స్కైడైవింగ్ చేసినవాళ్ళు ఒకరిద్దరైనా ఉంటారు, వాళ్ళకైనా పనికొస్తుంది.

సులువైనవి ముందు చెప్పేస్తా. వాడిన ఇంటి సామాను ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ కింద, అంటే విదేశం నుంచి ఇల్లు మార్చుకుని వెనక్కొచ్చేవాళ్ళకి కస్టమ్స్‌లో ఉన్న వెసులుబాటు కింద, తెచ్చుకోవచ్చు. పాస్‌పోర్టు కాపీలు, ప్యాకింగ్ లిస్టు, డిక్లరేషన్ ఇచ్చాం, డెలివరీ ఆర్డర్ వచ్చింది. ఏజెంట్ కుర్రాడు మంచివాడు, ఫోన్ చేస్తే ఎత్తుతాడు, అంతకన్నా ఏం కావాలి. గిన్నెలు, పుస్తకాలు, మా ఆవిడ కుట్టుమిషను అన్నీ బయటికొచ్చేశాయి. ఒక్క డబ్బా ఆగింది.

అందులో ఉన్నది రిగ్. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, స్కైడైవర్ వీపుకి తగిలించుకునే ఆ ఒక్క బ్యాగులో రెండు పారాచూట్లుంటాయి, కింది అరలో మెయిన్, పై అరలో అది పనిచెయ్యకపోతే వాడే రిజర్వ్. మెయిన్ మనమే మడుచుకుంటాం. రిజర్వ్ మాత్రం లైసెన్సున్న రిగ్గరే మడవాలి, మడిచాక పిన్నుకి ఎర్ర దారం చుట్టి చిన్న సీసపు సీలు నొక్కి కార్డు మీద తేదీ వేసి సంతకం పెడతాడు. అమెరికాలో అయితే 180 రోజులకోసారి అది విప్పి మళ్ళీ మడవాల్సిందే. ఆ దారం తెగి ఉంటే విమానం ఎక్కనివ్వరు. లోపల సైప్రెస్ అనే చిన్న యంత్రం కూడా ఉంటుంది, 1991 నుంచి వస్తోంది, గాలి ఒత్తిడిని బట్టి ఎత్తూ వేగం లెక్కగట్టి, మనిషి స్పృహ తప్పి అలాగే పడిపోతుంటే రిజర్వ్‌ని మూసి ఉంచే లూప్‌ని తనే కోసేస్తుంది. అది ఎంతమంది ప్రాణాలు కాపాడిందో ఏ డ్రాప్‌జోన్‌లో (స్కైడైవర్లు దూకే చోటు) అడిగినా చెప్తారు. ఆ కోసే గొట్టంలో రవ్వంత పేలుడు మందు ఉంటుంది. ఎక్స్‌రేలో గొట్టం, వైరు, బ్యాటరీ కనపడ్డాయి, ఇంక చూస్కోండి.

ఏ ఆఫీసో పేరు రాయను. కౌంటర్ దగ్గరున్న ఆఫీసర్‌కి మా అబ్బాయి వయసు కూడా ఉండదు. "అంకుల్, ఇది మిలిటరీ ఐటమ్ కదా, డిఫెన్స్ వాళ్ళ ఎన్ఓసీ తెండి" అన్నాడు. ఏ డిఫెన్స్ ఆఫీసు బాబూ, ఏ ఫారం, ఎవరి పేరు మీద రాయాలి అంటే "అది మీరే కనుక్కోవాలి". సైప్రెస్ తయారుచేసేవాళ్ళే ఎయిర్‌పోర్టుల్లో చూపించడానికని ఎక్స్‌రే బొమ్మతో సహా ఒక కార్డు ఇస్తారు. అది ముందు పెట్టా. చదవకుండానే పక్కకి నెట్టాడు. ఆ టేబుల్ నుంచి ఈ టేబుల్, ఈ టేబుల్ నుంచి లంచ్ టైమ్, లంచ్ తర్వాత "సార్ మీటింగులో ఉన్నారు". డెమరేజ్, అంటే సామాను అక్కడ ఆగినందుకు కట్టే అద్దె, మాత్రం మీటర్ తిరిగినట్టే తిరిగింది.

చివరికి ఒకాయన అడిగాడు, అసలు మీరు దూకుతారని రుజువేంటి అని. లాగ్‌బుక్కులు పట్టుకెళ్ళా. ప్రతి జంపుకీ ఒక వరస, ఏ విమానం, ఎంత ఎత్తు, ఫ్రీఫాల్ (పారాచూట్ తెరవకముందు పడేది) ఎన్ని సెకన్లు, పక్కన దూకిన మనిషి సంతకం. వాటితో పాటు 1990లలో తీసిన పెద్ద ఫోటో ఒకటి, ఫ్రేమ్‌తో సహా.

ఆ ఫోటో గురించి రాయకుండా ఉండలేను. అప్పట్లో నా ఉద్యోగం ఇల్లినాయిస్‌లో. అక్కడ క్విన్సీ అనే ఊళ్ళో ఏటా వేసవిలో వరల్డ్ ఫ్రీఫాల్ కన్వెన్షన్ జరిగేది, వేలమంది జంపర్లొచ్చేవాళ్ళు, బోయింగ్ 727 లోంచి కూడా దూకేవాళ్ళు. 1988లో 144 మంది గాల్లో ఒకరినొకరు పట్టుకుని రికార్డు పెట్టింది ఆ ఊరి మీదే. 1992లో మిర్టిల్ బీచ్‌లో 200, 1998లో మా ఇల్లినాయిస్‌లోనే ఒటావా ఊళ్ళో 246, 2002లో అరిజోనాలో 300, ఇలా పెరుగుతూ పోయి 2006 ఫిబ్రవరి 8న థాయిలాండ్‌లో ఉడోన్ థానీ మీద అయిదు సి-130 విమానాల్లోంచి దూకిన 400 మంది 4.25 సెకన్ల పాటు ఒకే ఆకారంగా నిలబడ్డారు. ఇప్పటికీ దాన్ని దాటినవాళ్ళు లేరు. ఆ రికార్డుల్లో నేను లేను. నేనున్నవి వాటి కింది మెట్టు, వంద మందికి అటూ ఇటూగా గాల్లో ఒకరినొకరు పట్టుకునే బిగ్‌వేలు. కానీ పద్ధతి అంతా ఒకటే.

పొద్దున్నే గడ్డి మీద డర్ట్ డైవ్. అంటే ఎవరు ఏ విమానంలో ఎక్కడ నుంచోవాలి, ఏ వరసలో ఎవరి తర్వాత వచ్చి ఎవరి చెయ్యి పట్టుకోవాలి, ఎవరి కాలు పట్టుకోవాలి, అంతా నేల మీద నడుస్తూ చేస్తాం, కెప్టెన్ తృప్తిపడేదాకా మళ్ళీ మళ్ళీ. జంప్‌సూట్ల రంగులు కూడా సెక్టార్ ప్రకారం, అంటే ఆకారంలో ఎవరిది ఏ భాగమో దాని ప్రకారం. తర్వాత విమానాలన్నీ పక్కపక్కన ఎగురుతూ పైకెక్కుతాయి, ఎత్తు ఎక్కువైతే ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. ముందు బేస్ వాళ్ళు దూకి మధ్యలో గట్టిగా నిలబడతారు, వెనక విమానంలో చివర నుంచున్నవాడు తలుపు దాకా పరిగెత్తుకొచ్చి తలకిందులుగా దూకి వాళ్ళని అందుకోవాలి, దగ్గరికొచ్చేముందు వేగం చంపుకోవాలి, తన సెక్టార్ పైన ఆగి, ముందువాడు పట్టుకున్నాకే తను దిగి పట్టుకోవాలి. గంటకి 190 కిలోమీటర్లకి పైగా కింద పడుతూ చెయ్యాల్సిన పని ఇది, చెయ్యి తగిలేటప్పుడు పూలదండ వేసినంత మెత్తగా తగలాలి, గుద్దితే ఆ అదురు అలలాగా మొత్తం ఫార్మేషన్‌లో, అంటే అందరూ కలిసి కట్టిన ఆకారంలో, అటు చివరిదాకా పోతుంది. అన్నిటికన్నా పెద్ద తప్పు లో పోవడం, అంటే ఫార్మేషన్ కన్నా కిందికి జారిపోవడం. ఒకసారి బాగా జారితే మళ్ళీ పైకి రాలేవు. ఎంత పేరున్న జంపరైనా సరే కెప్టెన్ ఆ సాయంత్రమే పక్కన కూర్చోబెట్టేవాడు. నేను ఒక్క బిగ్‌వేలో కూడా లో పోలేదు. గొప్పకే చెప్తున్నా, ఆ ఫోటోలో ఉన్న టీంలో ఇండియా నుంచి వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే.

రికార్డు ప్రయత్నమైతే జడ్జీలు పైనుంచి తీసిన ఫోటో ముందేసుకుని ప్రతి గ్రిప్పూ విడివిడిగా చూస్తారు. ఒక్క చెయ్యి పట్టు దొరక్కపోయినా, మిగతా అందరూ ఎంత బాగా చేసినా, లెక్కలోకి రాదు. అందుకే అక్కడ నీ పని నువ్వు చెయ్యకుండా "అది వాళ్ళని అడుగు" అనేవాడుండడు. మన ఆఫీసుల్లో ఒక్కో కుర్చీకి ఈ ఒక్క సంగతి నేర్పిస్తే చాలు, దేశం బాగుపడుతుంది.

సరే, ఫోటో చూసి ఆ ఆఫీసర్ "ఇందులో మీరెక్కడ?" అన్నాడు. బయటి నుంచి రెండో వరస, నీలం సూటు, తెల్ల చేతులు, వేలు పెట్టి చూపించా. "మొహం కనపడట్లేదు కదా" అన్నాడు. మొహం చూసి కాదయ్యా, స్లాట్ చూసి, అంటే ఎవరి చోటు ఏదో చూసి చెప్తారు అన్నా. నవ్వాడు.

అప్పుడన్నాడు, "వేసుకుని చూపించండి" అని. ఆ హాల్లో, లోడింగ్ వాళ్ళు, ఏజెంట్లు, సామాను కోసం వచ్చిన జనం అందరి ముందూ. వేసుకున్నా. హార్నెస్ బిగించా. ఫోన్లు లేచాయి. "ఇదేంటి, ఇదేంటి" అంటూ ఒకడు వచ్చి ఎడమ పక్కనున్న వెండిరంగు హ్యాండిల్ పట్టుకున్నాడు. వద్దు, అది రిజర్వ్, ముట్టుకోకు అని అరిచా. లాగేశాడు.

స్ప్రింగున్న పైలట్ చూట్, అంటే రిజర్వ్‌ని బయటికి లాగే బుల్లి పారాచూట్, టప్పున ఎగిరి వెళ్ళి అవతల పడింది. అందరూ ఒకటే నవ్వు. అంతటితో ఆపారా అంటే లేదు, లోపల ఇంకేమైనా దాచానేమోనని ఫ్రీబ్యాగ్ (రిజర్వ్‌ని మడిచి పెట్టే సంచి) బయటికి లాగి, తాళ్ళన్నీ లాగి, తెల్ల రిజర్వ్ మొత్తం సిమెంటు నేల మీద పరిచారు. ఫోర్క్‌లిఫ్ట్ తిరిగే నేల, గ్రీజు మరకలు. ఒకడు చెప్పులతో దాని మీదే నడిచాడు. సీసపు సీలు తెగిన ఎర్ర దారంతో సహా నా బూటు పక్కన పడుంది, అది తీసి జేబులో వేసుకున్నా. నా ప్రాణాన్ని కాపాడ్డానికి ఒక మనిషి మోకాళ్ళ మీద కూర్చుని గంటలకొద్దీ మడిచిన గుడ్డ అది. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ పరేడ్‌లో ఎయిర్‌ఫోర్స్ స్కైడైవింగ్ టీం ఆకాశగంగ దూకితే చప్పట్లు కొట్టే ఊరు కదా ఇది, అరవై దాటిన మనిషిని నిలబెట్టి నవ్వుకోవడానికి మీకు మనసెలా వచ్చింది?

ఆ గోలకి లోపల్నుంచి ఒక పెద్దావిడ, సీనియర్ ఆఫీసర్, బయటికొచ్చారు. నేను మొదటి నుంచీ చూపిస్తున్న అదే కార్డు తీసుకుని నిలబడే చదివారు, "ఇది లైఫ్ సేవింగ్ ఎక్విప్‌మెంట్ కదా, ఎందుకాపారు?" అని అక్కడే సంతకం పెట్టేశారు. ఎన్ఓసీ ఊసే లేదు. ఆవిడకి దండం. అదే సంతకం మొదటి రోజే ఎందుకు పడలేదో నాకిప్పటికీ అర్థం కావట్లేదు.

మా వీధిలో ఆగ్రాలో పారాచూట్ సెక్షన్‌లో చేసి రిటైరైన ఎయిర్‌ఫోర్స్ ఆయనున్నారు. రాత్రి ఫోన్ చేస్తే లుంగీ మీదే వచ్చేశారు. రిజర్వ్‌ని డాబా మీద తీగకి వేలాడదీసి టార్చ్ పట్టుకుని గడి గడీ చూశారు. "చిరగలేదన్నా, కానీ ఇక్కడ చూడు, నూనె" అని రెండు మరకలు చూపించారు. ఉతకొద్దు, రుద్దొద్దు, రిగ్గర్ చూసి తేల్చేదాకా ఎండ తగలకుండా పెట్టమన్నారు. నైలాన్‌కి ఎండ పడదు.

మీరెవరైనా తెస్తుంటే ఇంటి సామాన్లో మాత్రం వెయ్యకండి. క్యాబిన్ బ్యాగేజీగా చేతిలో పట్టుకురండి, ఎయిర్‌లైన్‌ని ముందే అడిగి. కార్డు పైన ఉంచండి, మడతల్లో కాదు. షిప్పింగే దిక్కయితే రిగ్గర్‌తో సైప్రెస్ విప్పించి విడిగా తెచ్చుకోండి. ఎన్ఓసీ అంటే ఏ రూల్ కింద అడుగుతున్నారో కాగితం మీద రాసివ్వమనండి, నేను అడిగాక ఎవరూ రాయలేదు. రిజర్వ్ హ్యాండిల్ మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకండి, పోలీసుల్ని పిలుస్తామన్నా సరే. తెలిసిన మిలిటరీ వాళ్ళ సిఫార్సు అని తిరగడం దండగ.

ఈ చలికాలం హర్యానాలో నార్నౌల్ డ్రాప్‌జోన్‌లో దూకుదామనుకున్నా, రిజర్వ్ రీప్యాక్ అయ్యేదాకా అది ఆగాల్సిందే. ఈలోపు ఒళ్ళు మొద్దుబారకుండా గండిపేట ఇండోర్ టన్నెల్‌లో, అంటే కింద నుంచి వీచే గాలి మీద తేలే గొట్టంలో, టైమ్ బుక్ చేశా. డెమరేజ్ రసీదు దాచా, ఫిర్యాదు సగం రాశా, రిగ్గర్ బిల్లు వచ్చాక అది కూడా జతచేసి పంపుతా. హ్యాండిల్ లాగినవాడి పేరు అందులో ఉంటుంది.