సర్పి కన్నా మందుల షాపే ఎక్కువ మండించింది

నిన్న రాత్రితో మాత్రల కోర్సు అయిపోయింది. పొక్కులు పక్కు కట్టాయి. జాకెట్టు తగిలితే ఇంకా చుర్రుమంటోంది గానీ, కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

పుట్టిల్లు కవిటి దగ్గర, అత్తిల్లు పర్లాకిమిడి. నాకు 53 ఏళ్లు. ఎడమ పక్క వీపు రెండ్రోజులు ఊరికే మండితే గ్యాస్ అనుకున్నా. తర్వాత ఓ పొద్దున్న చూస్తే గుత్తులు గుత్తులుగా నీటి పొక్కులు. "సర్పి వదినా, తలా తోకా కలిస్తే ప్రాణానికే ముప్పు, జేగురు రాయించుకో" అంది మా ఆడపడుచు. రాయించుకున్నాను కూడా, దాచడం ఎందుకు. మర్నాడు డాక్టరుగారు ఆ ఎర్రమన్ను తడిదూదితో తుడిస్తే గానీ పొక్కులు కనబడలేదు.

చిన్నప్పుడు పోసిన ఆటలమ్మ వైరస్సే నరాల మొదట్లో దాక్కుని ఇన్నేళ్లకి లేచిందట. ఎసిక్లోవిర్ మాత్రలు రాశారు, 800 మిల్లీగ్రాములు, రోజుకి 5 సార్లు, 7 రోజులు. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుందట. చీటీ రాస్తూ ఊరు అడిగారు. కవిటి అనగానే పెన్ను ఆపేశారు. కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బులు ఎక్కువన్న సంగతి ఆయనకి తెలుసు. ఈ మందు కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది, అవి బాగోకపోతే డోసు తగ్గించాలి అని ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించారు. బాగానే వచ్చింది. నీళ్లు బాగా తాగాలి, నొప్పికి సొంతంగా డైక్లోఫెనాక్ లాంటివి వేసుకోకూడదు అన్నారు.

అంతవరకు సాఫీగానే సాగింది. సాయంత్రం మందుల షాపుకెళ్లా. అతను చీటీ చూసి, లోపలున్న కుర్రాడికి వినబడేలా "హెర్పిస్!" అని అరిచాడు. ఆ తర్వాత ఒడియాలో, అదే గొంతుతో, "మీ ఆయనకీ ఉందా? ఉంటే ఇద్దరూ వాడాలి" అన్నాడు. నా వెనకాల మా వీధి మాస్టారి భార్య. ఆవిడ చూపు నా మొహం మీంచి మెడలో పుస్తెల మీదికి దిగింది. చీటీలో హెర్పిస్ పక్కనే జోస్టర్ అని ఉంది, రెండూ కలిపితే సర్పి; అతను అక్కడిదాకా చదవలేదు. నాకు నోరు పెగల్లేదు. అసలు అది అతను అనుకున్న, శారీరక సంబంధంతో అంటుకునే ఆ రెండో హెర్పిసే అయితే మాత్రం, కౌంటర్ దగ్గర అరిచే హక్కు అతనికెవరిచ్చారు? ఆ జబ్బున్న వాళ్లు మందు కొనుక్కోవద్దా?

కవరు లాక్కుని వచ్చేశా. ఇంటికొచ్చి విప్పితే అన్నీ 400వి, 35 మాత్రలు, కవరు మీద "ఒక్కొక్కటి" అని రాసుంది. అంటే సగం డోసు! సిగ్గుతో అక్కడే చూసుకోకపోవడం నా తప్పే. డాక్టరుగారికి ఫోన్ చేస్తే "పూటకి రెండేసి వేసుకోమ్మా, మిగతావి రేపు తెచ్చుకో" అన్నారు. మర్నాడు బస్టాండు దగ్గర ఇంకో షాపులో తెచ్చా.

పొద్దున్న 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10కి అలారం పెట్టుకున్నా. కొంచెం వికారం తప్ప ఏ ఇబ్బందీ లేదు. ముక్కు మీదో కంటి దగ్గరో లేస్తే మాత్రం అదేరోజు కంటి డాక్టరుకి చూపించాలట. మేనకోడలికి ఆరో నెల, ఆటలమ్మ ఎప్పుడూ పోయలేదు. నా పొక్కుల నీరు తగిలితే దానికి ఆటలమ్మ అంటుకుంటుందని గుమ్మం ఎక్కనివ్వలేదు. అది గేటు బయట నిలబడి చింతకాయ పచ్చడి అడుగుతుంటే, గిన్నె వాళ్లాయనతో పంపించా.

నిన్న మాస్టారి భార్య సంతలో కనబడి "తగ్గిందా?" అంది, గొంతు బాగా తగ్గించి. "సర్పి, తగ్గింది" అన్నా, నలుగురికీ వినబడేలా.