నాకిష్టమైన రబ్బరు చేప

నిన్న సాయంత్రం కళింగపట్నంలో, వంశధార సముద్రంలో కలిసే చోట, పండుగప్ప కోసం మళ్లీ పాడిల్ టెయిల్ (తెడ్డు లాంటి తోక ఉన్న) రబ్బరు చేపనే ఎరగా గాలానికి తగిలించాను. నాలుగు అంగుళాలది. దాని తోక చివర బొటనవేలి గోరంత వెడల్పు ఉంటుంది. రీల్ మెల్లగా చుట్టినా చాలు, అటూ ఇటూ కొట్టుకుంటూ నీళ్లను కదుపుతుంది. వానలకు ఏరు ఎర్రబడితే చేపకి కంటి కన్నా ఆ కదలికే ఎక్కువ ఆధారం. అందుకే రంగుల గురించి నాకు టెన్షన్ లేదు: బురద నీటికి నలుపు, తేట నీటికి వెండి.

చెరువులో కొర్రమీనుకైతే మాత్రం రబ్బరు కప్పే! గాలపు ముల్లు దాని ఒంటికి ఆనుకుని ఉంటుంది కాబట్టి తామరాకుల మీద లాగినా చిక్కుకోదు. చేప నోట పట్టగానే లాగేయకండి, క్షణం ఆగండి.

చిరిగిన రబ్బరు ముక్కలు నీళ్లలో పడేయొద్దు, దయచేసి. చేపలు మింగితే అరగవు.