సెన్సర్ బాగానే ఉంది, తీగే దొంగ

మా ఫర్నేస్ నిన్న సాయంత్రం మళ్ళీ దారికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. మాది బరంపురం, ఇంటి వెనక గదిలోనే బంగారం పని. నాన్నగారికి కుంపటి, ఊదుగొట్టం చాలు, మంట రంగు చూసి వేడి చెప్పేసేవారు. నేను చిన్న కరెంటు ఫర్నేస్ పెట్టించాను. లోపలి వేడిని కె టైప్ థర్మోకపుల్ అనే సెన్సర్ పట్టుకుని మీటర్లో చూపిస్తుంది.

ఆ మధ్య ఎలుక ఆ సెన్సర్ తీగ కొరికేసింది. సర్వీస్ సెంటర్ వాళ్ళు పంపిన మనిషి వచ్చి, ఫర్నేస్ బయటుండే సెన్సర్ తల దగ్గర్నుంచి మీటరు దాకా కొత్త తీగ వేసి, డబ్బులు తీసుకుని వెళ్ళాడు. ఇక్కడే మొదలైంది అంతా.

పొద్దున్న మొదటి మూసలో బంగారం బాగానే కరిగేది. మధ్యాహ్నమయ్యేసరికి లెక్క తప్పేది. మేలిమి బంగారం కరగాల్సింది 1064 డిగ్రీల దగ్గర, మీటరు 1020 చూపిస్తుండగానే మూసలో తళతళా తిరిగిపోతోంది. అంటే లోపల వేడి మీటరు చెప్పేదానికంటే ఎక్కువ. వెలిగారం పొంగి అంచుకి అంటుకుపోతోంది, పాత నగలు కరిగిస్తే తరుగు పెరిగిపోతోంది. ఆ నగలు అతికిన టంకంలో జింకు ఉంటుంది, అది 907 డిగ్రీలకే మరుగుతుంది, వేడి పెరిగేకొద్దీ ఇంకా ఎగిరిపోతుంది. మా వీధి పిన్నిగారు కాటా వైపు చూసి, "బాబూ, మీ నాన్నగారి దగ్గర ఇంత తరుగు ఎప్పుడూ రాలేదే" అన్నారు. మెల్లగానే అన్నారు గానీ ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఫర్నేస్ ఆటోలో, తర్వాత రైల్లో వేసుకుని భువనేశ్వర్ సర్వీస్ సెంటర్‌కి పోయాను. కౌంటర్లో ఫారం నింపించి కూర్చోబెట్టారు. నా తర్వాత మిక్సీలూ గీజర్లూ తెచ్చినవాళ్ళ పనులైపోయాయి, నన్ను పిలవరు. చివరికి పెద్ద మెకానిక్ వచ్చి, చల్లటి ఫర్నేస్‌కి ప్లగ్ పెట్టి, మీటరు గది వేడి చూపించగానే "ఠిక్ అఛి" అనేశాడు. అయ్యా, చల్లగా ఉన్నప్పుడు ఎప్పుడూ బాగానే ఉంటుంది, రెండు మూడు గంటలు నడిస్తేనే తప్పుతుంది, దీనివల్ల తరుగు పెరిగి నాకు మాటొస్తోంది అని చెప్పాను. అంతే, పక్క టేబుల్ వాళ్ళకి వినపడేలా ఒడియాలో, "బంగారం తగ్గిందట! సెన్సర్ తినేసిందా, కంసాలి తినేశాడా?" అన్నాడు. కౌంటర్లో పిల్లలు, మిక్సీ తెచ్చినావిడతో సహా అందరూ నవ్వారు. నాకు ఒడియా రాదనుకున్నాడు పాపం. పుట్టింది ఇక్కడ, చదివింది ఒడియా మీడియంలో. వాడికంటే శుభ్రమైన ఒడియాలోనే, "మీ ఎదురుగానే నడపండి, ఇక్కడే కూర్చుంటాను, నా బంగారమే వేస్తాను" అన్నాను. అంతసేపు నడపడం రూల్స్‌లో లేదట. కొత్త సెన్సర్ ప్యాకెట్ చేతిలో పెట్టి, బిల్లు కొట్టి, ఇంటికెళ్ళి బిగించుకోమన్నారు. మూడు తరాలుగా ఈ ఊళ్ళో పని చేస్తున్నాం, మా కాటా మీద వేలెత్తినవాడు లేడు. స్క్రూడ్రైవర్ పట్టుకున్న ప్రతివాడూ దొంగని పట్టేవాడే!

తిరిగొస్తూ మా పెదనాన్న కొడుక్కి ఫోన్ చేశాను, ఇచ్ఛాపురంలో ఉంటాడు, ఫ్యాక్టరీలో మీటర్ల పనే చేస్తాడు. "ఒరేయ్, ఆ ప్యాకెట్ విప్పకు" అన్నాడు అన్నయ్య. ఇంటికొచ్చాక, ముందు మీటరు వెనక సెన్సర్ తీగలు ఊడదీసి, ఆ రెండు పాయింట్లనీ చిన్న తీగముక్కతో కలపమన్నాడు. గది వేడి చూపించింది, మీటరు మంచిదే. తీగలు మళ్ళీ పెట్టించి, సెన్సర్ బయటికి లాగి మొన గ్లాసు నీళ్ళలో ముంచమన్నాడు. 30 చూపించింది. ఇప్పుడు మా అమ్మాయి హెయిర్ డ్రయర్ తెచ్చి, సెన్సర్ తల దగ్గర తీగ కలిసేచోట వేడిగాలి కొట్టమన్నాడు. గ్లాసులో నీళ్ళు అవే నీళ్ళు, మీటరు మాత్రం 25, 18, 12 అంటూ కిందికి జారిపోతోంది! వీడియో కాల్లో అన్నయ్య పగలబడి నవ్వాడు.

సంగతేంటంటే, థర్మోకపుల్ చూసేది రెండు చివరల మధ్య వేడి తేడా. రెండో చివర తన దగ్గరే ఉందనుకుని మీటరు తన దగ్గరి వేడిని కలిపి చూపిస్తుంది. అందుకే మధ్యలో కె టైప్ కాంపెన్సేటింగ్ కేబులే, అంటే ఆ సెన్సర్ తీగలాగే పనిచేసే ప్రత్యేకమైన తీగే ఉండాలి. ఆ మహానుభావుడు ఇంటి వైరింగ్‌కి వాడే మామూలు రాగి తీగ వేసి పోయాడు. దాంతో రెండో చివర ఫర్నేస్ పక్కకి వచ్చేసింది, మధ్యాహ్నానికి ఆ తల ఎంత కాగితే మీటరు అంత తక్కువ చూపిస్తుంది.

ఆ కేబుల్ ఇక్కడ కరెంటు సామాను కొట్లలో అడిగితే స్పీకర్ వైరు ఇచ్చారు. విశాఖ నుంచి తెప్పించుకున్నాను. రంగులు నమ్మకండి, అమెరికా పద్ధతి కేబుల్లో పసుపు ప్లస్, ఎరుపు మైనస్, మన ఎలక్ట్రీషియన్లు ఎరుపు కనబడితే ప్లస్‌కే బిగిస్తారు. అయస్కాంతం పెట్టి చూడండి, సెన్సర్ తీగల్లో అంటుకునేది మైనస్. నిన్న మధ్యాహ్నం దాకా నడిపి చూశాను, మేలిమి 1060 దాటాకే కరిగింది. పిన్నిగారికి కబురు పెట్టాను.

సెన్సర్ ప్యాకెట్ సీలు కూడా విప్పలేదు, వాపసు తీసుకోరట. చుట్టుపక్కల ఎవరికైనా కె టైప్ కావాలంటే చెప్పండి, బిల్లు ధరకే ఇచ్చేస్తాను.