దయ్యాన్ని అడిగారు, ఆమెను అడగలేదు

పోలండ్ దర్శకుడు యెజీ కవలెరోవిచ్ 1961లో తీసిన ‘మదర్ జోన్ ఆఫ్ ది ఏంజెల్స్’ చిత్రాన్ని మొన్న నెల్లూరులో మా ఇంట్లో రెండోసారి చూశాను. మొదటిసారి చూసినప్పుడు నన్ను భయపెట్టిన దయ్యాలు ఈసారి అసలు కనబడలేదు.

ఫ్రాన్సులోని లూదున్ పట్టణంలో సన్యాసినులకు దయ్యాలు పట్టించాడన్న అభియోగంతో 1634లో ఒక మతగురువును సజీవంగా దహనం చేశారు. ఆ ఉదంతం ఆధారంగా పోలండ్ రచయిత ఇవష్కేవిచ్ రాసిన నవలికే ఈ సినిమాకు మూలం. కథాస్థలం మాత్రం పోలండుకు మారింది. గురువును కాల్చివేసిన తరువాతనే చిత్రం మొదలవుతుంది. మఠాధిపతి జోన్‌కు పట్టిన దయ్యాలను వదిలించడానికి వచ్చిన ఫాదర్ సూరిన్ ఆమెను ప్రేమిస్తాడు. ఆ మాటను అతడు తనకు తాను కూడా చెప్పుకోలేడు. ఆరవేసిన తెల్లని అంగీల నడుమ ఇద్దరూ తమను తాము కొరడాలతో కొట్టుకునే సన్నివేశంలో ఒకరినొకరు తాకనైనా తాకరు. అయినా అంతటి కోరికను నేను మరే సినిమాలోనూ చూడలేదు. సలహా కోసం సూరిన్ వెళ్లి కలిసిన యూదు గురువు పాత్రనూ అదే నటుడు పోషించడం వల్ల, ఆ సంభాషణ మనిషి తన నీడతో తగువు పడుతున్నట్లు ఉంటుంది.

పోలండ్ కాథలిక్ చర్చి ఈ చిత్రాన్ని తీవ్రంగా వ్యతిరేకించింది. కాన్ చిత్రోత్సవం మాత్రం జ్యూరీ ప్రత్యేక బహుమతి ఇచ్చింది. అదే ఏడాది అక్కడ అత్యున్నత బహుమతిని పంచుకున్న స్పెయిన్ దర్శకుడు బునుయెల్ చిత్రం ‘విరిదియానా’లో కథానాయిక కూడా సన్యాసిని కావలసిన యువతే; దానినీ వాటికన్ పత్రిక ఖండించింది. తన చిత్రం ప్రేమకథ అని కవలెరోవిచ్ చెప్పుకున్నాడు. చర్చిని కలవరపెట్టినది కూడా అదేనని నా అనుమానం, ఎందుకంటే దయ్యానికైతే మంత్రం ఉంది.

నా చిన్నతనంలో మా దూరపు బంధువుల అమ్మాయికి పెళ్లి కుదిరిన వారానికే పూనకాలు మొదలయ్యాయి. జొన్నవాడ కామాక్షమ్మ గుడిలో నిద్ర చేయించారు. అంతకుముందు ఇంట్లోనే వేపమండలు పట్టుకుని, ‘ఎవరు నువ్వు, ఎప్పుడు వదులుతావు, ఏం కావాలి నీకు’ అని పెద్దవాళ్లు గంటల తరబడి దయ్యాన్ని అడిగారు. సినిమాలోనూ మతగురువులు దయ్యాల పేర్లే అడుగుతారు, జోన్ వాటిని ఒక్కొక్కటిగా, ఇంచుమించు గర్వంతో చెబుతుంది. ఆ రాత్రి మా పిల్ల కూడా చాలా పేర్లు చెప్పింది. వాటిలో ఒకటి మా పక్క వీధి కుర్రవాడిది. అది దయ్యం పేరు కాదని అక్కడున్న ఆడవాళ్లందరికీ తెలుసు.