ఉదయగిరి కొయ్య, కువైట్ వానెట్

కువైట్‌లో పికప్ ట్రక్కును వానెట్ అంటారు. ఒకప్పుడు ఆ బళ్ళ నంబరు ప్లేట్ల మీద 18 అంకె ఉండేదని, ‘వన్ ఎయిట్’ అన్న మాటే నోట నలిగి వానెట్ అయిందని అక్కడి పెద్దవాళ్ళు చెబుతారు. మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి. షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఎన్నో వానెట్లు చేతుల మీదుగా పోయాయి గానీ, మనసులో నిలిచిపోయింది మాత్రం 1952 మోడల్ షెవ్రోలే 3100.

దాని యజమాని అరవై దాటిన కువైటీ. వాళ్ళ నాయన నడిపిన బండి. 16 అంగుళాల పాత చక్రాలను తుప్పు తినేస్తే, 15 అంగుళాల కొత్త స్టీలు చక్రాలు, రేడియల్ టైర్లు వేయించాడు. ఆరు బోల్టుల కొలత రెండింటికీ ఒకటే కాబట్టి చక్రాలు చక్కగా కూర్చున్నాయి. చక్రం నడిమిని మూసే రేకు మూతలు, అంటే వీల్ క్యాపులే కూర్చోలేదు. పాత చక్రం మధ్య పళ్ళేనికి స్ప్రింగు క్లిప్పులు రివెట్ చేసి ఉంటాయి, క్యాపు లోపలి అంచు వాటిని పట్టుకుంటుంది. కొత్త చక్రం నున్నగా ఉంది, పట్టు లేదు.

మా దగ్గరికి రాకముందు ఇంకో షాపులో క్యాపు అంచును లోపలికి కొట్టి, గమ్ము పెట్టి అంటించారట. స్పీడులో ఒకటి ఊడిపోయి డివైడరుకు తగిలి నొక్కుకుపోయింది. ఆయన నాలుగు క్యాపులనూ తువ్వాలులో చుట్టి తెచ్చి నా ముందు పెట్టాడు. మెరుపు లేదు, బూడిద రంగు పూత. కొరియా యుద్ధం రోజుల్లో నికెల్, క్రోమ్ దొరకక ఆ ఏళ్ళ బళ్ళకు రంగే వేశారని చెప్పాడు. మెరిసే కొత్తవి కొనుక్కోవచ్చు, కానీ ఆయనకు నాయన తుడిచినవే కావాలి. ఆ మాట విన్నాక నాకు ఇంకే ఆలోచనా రాలేదు. కొత్త చక్రం పాడైతే ఇంకోటి కొనొచ్చు, ఈ క్యాపు పోతే పోయినట్టే. కోసినా తొలిచినా చక్రాన్నే, క్యాపును ముట్టుకునేది లేదనుకున్నాను.

మా కుర్రాడొకడు చక్రం మీద వెల్డింగు చుక్కలు పెట్టి, అరగదీసి, వాటికే క్యాపు పట్టిద్దామన్నాడు. చాలామంది అట్లానే చేస్తారు. కానీ టైరు ఎక్కించి ఉన్న చక్రానికి వెల్డింగు మంట తగలకూడదు. గాలి తీసేసినా సరే, లోపల రబ్బరు కాలి గ్యాసు పుట్టి టైరు పేలొచ్చు. టైరు పూర్తిగా విప్పితేనే ఆ పని. నేను రివెట్లకే మొగ్గాను. గాలి నిలిచేది బయటి రిమ్ములో కాబట్టి మధ్య పళ్ళేనికి సన్న రంధ్రం వేస్తే గాలి పోదు. జాగ్రత్త పడాల్సింది వెనక వైపు. రివెట్టు తోక బ్రేక్ డ్రమ్ముకు తగిలితే చక్రం సమంగా కూర్చోదు. అందుకే డ్రమ్ము ఆనే చోటు దాటి బయటికి గుర్తు పెట్టి, చక్రానికి మూడేసి క్లిప్పులు బిగించాను.

దానికి ముందే ఇంకో పరీక్ష చేశాను. కొత్త చక్రం లోతు తక్కువైతే, చక్రం నడిమిన ఇరుసు చివరుండే హబ్బు మూత క్యాపుకు తగులుతుంది. రూములో చపాతీలకు కలిపిన పిండిలోంచి నిమ్మకాయంత ముద్ద తెచ్చి హబ్బు మీద అంటించి, క్యాపును నొక్కి తీశాను. వేలు మందం పిండి మిగిలింది. ఎడం చాలు.

ఇక మిగిలింది నొక్కు పడిన క్యాపు. ఇనుప సుత్తి తగిలితే రేకు సాగిపోతుంది. నాకేమో సెలవు దగ్గరపడింది. ఆయన్ని అడిగి ఆ క్యాపునూ, బాగున్న ఇంకొకదాన్నీ నిడో పాలపొడి డబ్బాల మధ్య లుంగీలో చుట్టి ఇంటికి తెచ్చాను.

ఉదయగిరి చెక్క గరిటెల గురించి మీరు వినే ఉంటారు. కొండమీది నర్ది, బిక్కి కర్రతో చెంచాలు, ఫోర్కులు చెక్కే ఇళ్ళు మా ఊళ్ళో ఉన్నాయి. మా వీధిలో ఆ పని చేసే అక్క క్యాపును అటూ ఇటూ తిప్పి, “ఇదేంది అబ్బయ్యా, యాడిది ఈ మూత?” అంది. సంగతంతా చెప్పాను. బాగున్న క్యాపు ముఖం సరిగ్గా ఇమిడేలా కొయ్య దిమ్మలో గుంట కావాలన్నాను. అక్క క్యాపు మీద బొగ్గుపొడి రాసింది. గుంటలో పెట్టి నొక్కేది, తీసేది, నలుపు అంటిన చోట ఉలితో పలచగా లేపేది. మళ్ళీ నొక్కేది. రెండు పూటలు పట్టింది. చివరికి నలుపు గుంటంతా సమంగా పరుచుకుంది. అంత ఓపికైన ఫిట్టింగు నేను ఏ గ్యారేజీలోనూ చూడలేదు.

సొట్ట క్యాపును ఆ గుంటలో బోర్లా పెట్టి, లోపలినుంచి కొయ్య సుత్తితో నొక్కు అంచునుంచి నడిమికి మెల్లగా తడుతూ వచ్చాను. గంటకు రేకు తన వంపులోకి వచ్చేసింది. రంగు లేచిన గోరంత మేర మాత్రం కువైట్‌కు పోయాక అద్దాను.

బిగించిన రోజు క్యాపు అంచును రెండు క్లిప్పుల మీద ఆనించి, మూడో వైపు అరచేత్తో ఒక్క దెబ్బ వేశాను. టక్కున కూర్చుంది. నాలుగూ అంతే. ఆయన బండిని సముద్రం రోడ్డు మీద అరగంట తిప్పి తెచ్చి, దిగి ఒక్కో చక్రం దగ్గర వంగి క్యాపును చేత్తో తడిమాడు. ఏమీ మాట్లాడలేదు.

సాయంత్రం అక్కకు వీడియో కాల్ చేసి బండి చూపించాను. “అంతా బానే ఉండాది గానీ, ఆ నొక్కు యాడుండిందో చూపించు” అంది. ఫోను పట్టుకుని చక్రం చుట్టూ వెతికాను. నాకే కనపడలేదు.