రీఫ్లాగ్‌లో రెండో వరస

బుధవారం, రాత్రి పదిన్నర

పొద్దున ఇంకా బ్యాగు కింద పెట్టలేదు, టీములో కొత్తగా చేరిన కుర్రాడు వచ్చి నిలబడ్డాడు. "అక్కా, నా రెండు రోజుల పని పోయింది." మొహం చూస్తే రాత్రంతా నిద్రపోయినట్టు లేదు.

మొన్నటి కోడ్ ఎలా ఉండేదో ఒకసారి చూద్దామనుకున్నాడట. కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే గిట్‌ని గీతల బొమ్మగా చూపించే గిట్‌కే తెరిచి, పాత కమిట్ మీద, అంటే అప్పట్లో దాచుకున్న మార్పు మీద రైట్ క్లిక్ కొడితే, మెనూలో బ్రాంచ్‌ని, అంటే కమిట్ల గొలుసుని, ఇక్కడికి రీసెట్ చేసే వరస కనబడింది. నొక్కాడు. సాఫ్ట్, మిక్స్‌డ్, హార్డ్, ఏది కావాలంది. హార్డ్ అంటే పూర్తిగా వెనక్కి వెళ్లి చూడడం కాబోలనుకుని అదే పెట్టాడు. మూసి మళ్లీ తెరిస్తే కొత్త కమిట్లు రెండూ బొమ్మలో లేవు. పుష్ చేసి, అంటే సర్వర్‌కి పంపి కూడా లేడు.

పక్కన కుర్చీ వేసుకుని, కమాండ్లు టైపు చేసే టెర్మినల్ తెరవమన్నాను. గిట్ రీఫ్లాగ్ అని తననే కొట్టమన్నాను. మొదటి వరసలో రాత్రి చేసిన రీసెట్. రెండో వరసలో ఎడమ పక్క ఏడక్షరాల సంకేతం, ఆ పక్కన తను రాసుకున్న మాటలే, బిల్లులో పైసల రౌండింగ్ సరిచేశానని. వేలు పెట్టి చూపించాను. చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఆ ఏడక్షరాలతో కొత్త బ్రాంచ్ ఒకటి పెట్టించాను. రెండు కమిట్లూ వచ్చేశాయి. కమిట్ చెయ్యకుండా వదిలేసిన ఫైలు మాత్రం రాలేదు. హార్డ్ అన్నాక కమిట్ కాని మార్పుల మీద కొత్త సున్నం పడ్డట్టే. పాపం, మధ్యాహ్నంలోపు మళ్లీ రాసుకున్నాడు.

రీఫ్లాగ్ అంటే మనం ఏ కమిట్ నుంచి ఏ కమిట్‌కి జరిగామో గిట్ రాసుకునేది, కొట్టులో రాసే చిట్టా లాంటిదని చెప్పాను. తప్పు పడితే గీత కొడతారు గానీ పేజీ చింపరు. ఏ బ్రాంచీకీ అందని కమిట్ కూడా మామూలుగా 30 రోజులు అందులో ఉంటుంది. ఈ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. బటన్ వెనక నడిచిన కమాండ్ పేరు తెలియకపోతే, తప్పు జరిగినప్పుడు ఏమని వెతుక్కోవాలో కూడా తెలియదు. నాకు బాధ కలిగించింది అదే.

అలాగని టెర్మినల్ ఉండగా గిట్‌కే లాంటివి ఎందుకని బొమ్మని తక్కువ చేసేవాళ్లతో నేను కలవలేను. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ ఆపరేటింగ్ సిస్టంకి గుండెకాయ లాంటి కర్నెల్ కోసం గిట్ మొదలుపెడితే, అదే ఏడాది పాల్ మెకెరాస్ గిట్‌కే రాశాడు. ఆయనా కర్నెల్ మనిషే. రాత్రీ పగలూ టెర్మినల్‌లో బతికేవాళ్లకే బొమ్మ కావలసి వచ్చింది.

సాయంత్రం నాకూ కావలసి వచ్చింది. ఒక తప్పు ఏ మెర్జ్‌లో, అంటే ఏ బ్రాంచీలు కలిపినప్పుడు లోపలికొచ్చిందో పట్టుకుందామని టెర్మినల్‌లో గిట్ లాగ్‌కి గ్రాఫ్ తగిలించి చూస్తున్నాను. నాలుగైదు బ్రాంచీలు కలిసేసరికి నక్షత్రాలూ ఏటవాలు గీతలూ పెనవేసుకుపోయి ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియడం లేదు. ఆ కుర్రాడే వచ్చి, "ఇందులో చూద్దాం అక్కా" అని గిట్‌కే తెరిచాడు. ఆకుపచ్చ గీత పట్టుకుని కిందికి వెళ్లాడు, రెండు నిమిషాల్లో మెర్జ్ దొరికింది. ఫైల్లో ఒక్క వరసే ఏరి కమిట్‌లో పెట్టడం కూడా గిట్‌కే లాంటిదే ఇంకో కిటికీ, గిట్ గుయ్‌లో రైట్ క్లిక్‌తో అయిపోతుంది. టెర్మినల్‌లో యాడ్ డాష్ పీ కొట్టి, ముక్కకి ముక్కకి అవును కాదు చెప్పి, ముక్క విడిపోకపోతే ఎడిటర్‌లో ప్లస్సులూ మైనస్సులూ చేత్తో దిద్దుకోవాలి. ఏళ్ల తరబడి చేస్తున్నా నాకది ఇప్పటికీ విసుగే.

రేపు టీ అయ్యాక ఇద్దరం ఖాళీ ఫోల్డర్ పెట్టుకుని కూర్చుంటామని అనుకున్నాం. మూడు కమిట్లు చెయ్యాలి, హార్డ్ రీసెట్ కొట్టాలి, మళ్లీ తెచ్చుకోవాలి. టెర్మినల్ వాడి చేతిలో, పక్కనే గిట్‌కే తెరిచి, ఒక్కో కమాండ్‌కీ బొమ్మలో ఏ గీత ఎటు జరుగుతోందో చూసుకుంటూ.